షాటుకు ముందు వేసే చుక్కలు

"నోటితో చెబితే మీకు అనుకూలంగా చెప్పుకుంటారు. కాగితం మీద రాయండి. రాసింది నేను చదువుతాను," అంది నా భార్య కరుణ. అందుకే రాస్తున్నాను. గండం గడిచింది కాబట్టి రాయగలుగుతున్నాను అనుకోండి. గడవకపోయి ఉంటే పెన్ను పట్టుకునే ధైర్యం నాకు ఉండేది కాదు.

నా పేరు ప్రభుదాసు. యూనిట్లో అందరికీ దాసుని. ఇరవై ఏళ్ళుగా సినిమాల్లో మేకప్ వేస్తున్నాను. మాది రేపల్లె వైపు. ఇప్పుడు ఫిల్మ్‌నగర్ బస్తీలో యాదమ్మ గారింట్లో మేడ మీద రెండు గదుల్లో ఉంటాం. కరుణ రహమత్‌నగర్‌లో ఒక చిన్న బడిలో ఎల్‌కేజీ పిల్లలకు చెబుతుంది. మాకు పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టింది రూతు. ఈ కథ జరిగేనాటికి దానికి రెండేళ్ళు నిండలేదు.

ముందు ఒక సీసా గురించి చెప్పాలి. సినిమాల్లో మేకప్ వేసేవాడి పెట్టెలో పౌడర్లు, బ్రష్షులు, జిగురు, గ్లిజరిన్‌తోపాటు బొటనవేలంత సీసా ఒకటి ఉంటుంది. రాత్రంతా షూటింగ్ చేసిన కళ్ళు, పొగ పెట్టిన సెట్లో మండిన కళ్ళు, ఏడుపు సీనుకు గ్లిజరిన్ రాసుకున్న కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉంటాయి. తరువాతి షాటు పెళ్ళిచూపులనుకోండి, ఆ కళ్ళతో ఎలా? అప్పుడు ఆ సీసాలోంచి చెరో రెండు చుక్కలు వేస్తాం. కాఫీ తాగేలోపు కళ్ళు పాలలా తెల్లబడతాయి. ఏ డాక్టరూ రాసివ్వడు. మందుల షాపులో పేరు చెబితే ఇస్తారు. నా గురువు పెట్టెలో ఉండేది, నా పెట్టెలోకి వచ్చింది. అది మందని ఎప్పుడూ అనుకోలేదు. పౌడరు లాంటిదే, పైపూత అనుకున్నాను.

ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన జరుగుతుండగా రూతు కుడి కన్ను నలుపుకోవడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చేసరికి ఎర్రబడింది. ఆ వారమంతా మా వీధిలో పిల్లలకు కళ్ళకలక. యాదమ్మ మనవడికి వచ్చి తగ్గింది కూడా. కరుణ నీళ్ళు కాచి చల్లార్చి దూదితో కన్ను తుడిచింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు ప్రార్థన చేసింది. నేనూ పక్కన కూర్చున్నాను గానీ, నా మనసు సోమవారం పొద్దున మీదే ఉంది.

సోమవారం మా ఇద్దరికీ పని. రూతును కరుణ తనతో బడికే తీసుకుపోతుంది. అక్కడ పసిపిల్లలకు ఒక గది ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్న పిల్లను గేటు దగ్గరే వెనక్కి పంపిస్తారు. కరుణ అప్పటికే ఆ నెలలో రెండు సెలవులు పెట్టింది. నాకేమో అమ్మగారి షూటింగ్. అమ్మగారంటే తల్లి పాత్రలు, అత్త పాత్రలు వేసే పెద్ద నటి. పదిహేనేళ్ళుగా ఆవిడ ముఖం నా చేతుల్లోనే ఉంది. నేను వెళ్ళకపోతే ఆవిడ ఇంకొకరి చేత వేయించుకోరు.

సోమవారం పొద్దున కరుణ వంటింట్లో డబ్బాలు సర్దుతోంది. నేను పెట్టె తెరిచాను. రూతును ఒళ్ళో పడుకోబెట్టుకుని, "పైకి చూడమ్మా, కాకి ఎక్కడుందీ?" అన్నాను. చూసింది. రెండు చుక్కలు వేశాను. నా చేతికి ఎవరి రెప్పా అదరదు. అదీ నా గొప్ప.

పది నిమిషాల్లో తెల్లబడింది. కరుణ వచ్చి చూసి, పిల్లను ఎత్తుకుని ముద్దులు పెట్టేసింది. "చూశారా! దేవుడు విన్నాడు. నా ప్రార్థన ఊరికే పోలేదు," అంది. ఆ ముఖంలో వెలుగు చూశాను. తేలు కుట్టిన దొంగలా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాను.

సాయంత్రానికి ఎరుపు తిరిగొచ్చింది. మళ్ళీ వేశాను. మంగళవారం అంతే, బుధవారం అంతే. పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి. కన్ను తెల్లగానే ఉంది. కానీ బుధవారం నుంచి రూతు వరండాలోకి రావడం మానేసింది. ఎండ పడితే ముఖం తిప్పుకుని వాళ్ళమ్మ భుజంలో దాచుకుంటోంది. ఎర్రగా లేని కన్నుకు ఇంత నొప్పేమిటని కరుణ అడిగింది. పళ్ళు వస్తున్నాయేమో అన్నాను. నేను అన్న మాటలన్నింటిలోకీ ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

గురువారం మధురానగర్‌లో రూతుకు టీకాలు వేసే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పెద్దాయన, నెమ్మదస్తుడు. టార్చి వేసి చూసి, "ఇంట్లో ఏమన్నా వేశారా కంట్లో?" అని అడిగారు.

"లేదండీ," అన్నాం ఇద్దరం ఒకేసారి.

నేను అబద్ధం చెప్పానని నాకు తెలుసు. కరుణ అంత గబుక్కున ఎందుకు అందో అప్పుడు ఆలోచించలేదు. ఆయన ఒక మందు రాసిచ్చి, "రెండు రోజుల్లో తగ్గాలి. తగ్గకపోతే నా దగ్గరికి కాదు, కంటి డాక్టరు దగ్గరికి పోండి. ఆలస్యం చెయ్యొద్దు," అన్నారు. నేను నా సీసా మానేశాను. మానేసేసరికి శుక్రవారం పొద్దున కన్ను రక్తం కమ్మినట్టు లేచింది. చూడలేకపోయాను. మళ్ళీ వేశాను. ఈ వాక్యం రాయడానికి చేయి రావడం లేదు, అయినా కరుణ చదువుతుందని రాస్తున్నాను.

ఆ సాయంత్రం యాదమ్మ పైకి వచ్చింది. పిల్ల గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పింది. రూతు కెవ్వుమంది. యాదమ్మ నా వైపు తిరిగింది.

"ఏం దాసూ, గీ పొల్ల కంట్ల పువ్వు ఏస్తున్నట్టున్నది. నల్లగుడ్డు మీద జూడు, తెల్లగ. మీకు కనవడ్తలేదా?"

నాకు కనబడింది. రోజూ ముఖాలే చూసేవాణ్ణి, నా కూతురి కంట్లో ఆవగింజంత తెల్లమచ్చను ఒక రోజు ముందే చూశాను. వెలుతురు పడిన మెరుపేమోనని సర్దిచెప్పుకున్నాను.

కరుణ మంచం మీద కూలబడింది. ఇక ఎక్కడికి తీసుకెళ్ళాలనే చర్చ మొదలైంది. ఒక్క పిల్ల, ఒక్క కన్ను, నలుగురి నోళ్ళు.

యాదమ్మది ఒకటే మాట. "పెద్ద కంటి దవాఖానకు తీస్కపో. లైన్ల నిలవడాలె, ఒక దినం పోతది. పోనీ. గాడ చిన్న పోరగాళ్ళ కండ్లు జూసెటోళ్ళు వేరేగ ఉంటరు. పసరు పోసెటోళ్ళ కాడికి మాత్రం పోకుండ్రి. మా చెల్లె కొడుకు కన్ను గట్లనే పాయె. నేనే తీస్కపోయిన. నేనే." ఆరేళ్ళుగా ఆవిడింట్లో ఉంటున్నాం, ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

అత్తయ్య రేపల్లె నుంచి ఫోనులో, "ఆ మహానగరంలో ఎవరు పట్టించుకుంటారండీ? పిల్లను తీసుకుని రైలెక్కెయ్యండి. మన మిషన్ ఆసుపత్రిలో కరుణ పుట్టింది, నా శుక్లాలు తీసింది అక్కడే," అంది.

అమ్మగారికి నేనే ఫోను చేశాను. "ఓరి వెర్రివాడా, ఇన్నాళ్ళు చెప్పవేం? జూబ్లీహిల్స్‌లో మా కంటి డాక్టరున్నాడు. సినిమావాళ్ళంతా ఆయన దగ్గరికే. పొద్దున్నే నేను ఫోను చేస్తాను, నిన్ను బయట కూర్చోబెట్టకుండా లోపలికి పంపిస్తారు," అన్నారు.

నేను జూబ్లీహిల్స్ అన్నాను. కారణాలు బాగానే చెప్పాను. పెద్ద ఆసుపత్రిలో జనం ఎక్కువ, పిల్లకు లేని జబ్బు కూడా అంటుకుంటుంది అన్నాను. దగ్గర అన్నాను. తెలిసినవాళ్ళు అన్నాను. అమ్మగారి మాట తీసేస్తే బాగుండదన్నాను. అన్నీ నిజాలే. అసలు కారణం మాత్రం చెప్పలేదు. పెద్ద ఆసుపత్రిలో అన్నీ గుచ్చి గుచ్చి అడుగుతారని, అడిగినవన్నీ రాసుకుంటారని విన్నాను. తెలిసినవాళ్ళ దగ్గరైతే మర్యాదకైనా అంత అడగరు. నా పిల్ల కన్ను ఎక్కడ బాగవుతుందా అని కాదు, నన్ను ఎక్కడ అడగరా అని వెతికాను.

కరుణ నా ముఖం చూసి, "మీరు అంతగా చెబుతుంటే సరే," అంది.

శనివారం పొద్దున జూబ్లీహిల్స్ క్లినిక్‌లో మెత్తటి సోఫాలో కూర్చున్నాం. కాఫీ ఇచ్చారు. రూతు నల్ల గుడ్డ ముక్కతో కన్ను కప్పుకుని వాళ్ళమ్మ మెడ మీద వాలి ఉంది. నిజంగానే అయిదు నిమిషాల్లో పిలిచారు. డాక్టరు కుర్రాడే. చాలాసేపు చూశాడు. చూసినకొద్దీ అతని భుజాలు బిగిశాయి.

"ముందేమైనా వాడారా సార్?"

"పిల్లల డాక్టరు రాసిన చుక్కలే."

"అంతకుముందు?"

"ఏమీ లేదు."

అతను మళ్ళీ చూశాడు. "ఇంత తొందరగా ఇలా దిగకూడదే," అని తనలో తను అనుకున్నాడు. తరువాత కుర్చీ మా వైపు జరుపుకున్నాడు. "అమ్మా, నేను మీకు మందు రాసి పంపించగలను. కానీ నల్లగుడ్డు మీద పుండు పడింది. పసిపిల్ల. ఇది నా చేతిలో పని కాదు. పెద్ద ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది. ఇంటికి వెళ్ళకండి, ఇటునుంచి ఇటే వెళ్ళండి. ఉత్తరం రాసిస్తాను, ఫోను కూడా చేస్తాను." ఫీజు తీసుకోలేదు. నాకు చేతకాదు అని చెప్పగలిగిన ఆ కుర్రాడికి ఈ రోజుకీ చేతులెత్తి దండం పెడతాను. ఆ మాట నాకు వచ్చి ఉంటే సోమవారమే చెప్పేవాణ్ణి.

"చూపు పోతుందా అండీ?" అని అడిగింది కరుణ.

"పుండు మధ్యకి పాకకపోతే దక్కుతుంది. పాకిందో లేదో వాళ్ళు చెప్పాలి."

ఆటో ఎక్కాం. నా చొక్కా జేబులో సీసా ఉంది. ఇంట్లో పెడితే కరుణ చూస్తుందని శుక్రవారం నుంచి జేబులోనే తిప్పుతున్నాను. ఆటో గుంతలో పడినప్పుడల్లా నా గుండెకు తగులుతోంది.

పెద్ద ఆసుపత్రి హాలు జాతరలా ఉంది. చీటీ తీసుకుని కూర్చున్నాం. పక్కన తాండూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ. మనవరాలి మెల్లకన్ను చూపించడానికి వచ్చిందట. కిటికీలోంచి ఎండ రూతు ముఖం మీద పడుతుంటే ఏమీ అడక్కుండా తన కొంగు విప్పి తెరలా పట్టుకుంది. ఎండ జరిగినప్పుడల్లా చేయి మార్చుకుని పట్టుకుంది. "చెయ్యి నొప్పి పుడుతుందమ్మా మీకు," అంది కరుణ. "నాకేం పని, కూసున్నదాన్నే గద బిడ్డా," అంది. గంటన్నర అలా పట్టుకుంది. ఆవిడ పేరు కూడా అడగలేదు మేము.

డాక్టరు గదికి ముందు ఒక బల్ల, బల్ల మీద స్టీలు ట్రే. వెనుక సిస్టరు. ఆ ఆసుపత్రిలో పద్ధతి అది. చిన్నపిల్లల్ని తెచ్చినవాళ్ళు ఇంట్లో కంట్లో వేసినవన్నీ ఆ ట్రేలో పెట్టాలి. "మందులే కాదమ్మా, ఏది వేసినా పెట్టండి. ఎవరూ తిట్టరు," అని ప్రతివాళ్ళకూ ఒకటే స్వరంతో చెబుతోంది. మా ముందున్న ఆయన ఆముదం సీసా పెట్టాడు. ఒకావిడ తేనె పెట్టింది. ఇంకో చిన్నపిల్ల లాంటి తల్లి సిగ్గుపడుతూ, "చనుబాలు ఏసిన మేడమ్. అవి ఎట్ల పెట్టాలె?" అంది. "చెప్పావు కదా, చాలు, రాసుకున్నాను," అంది సిస్టరు. లైన్లో నలుగురు నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది.

మా వంతు వచ్చింది. కరుణ సంచిలోంచి పిల్లల డాక్టరు రాసిన చుక్కలు తీసి పెట్టింది. తరువాత సంచి అడుగున చేయి పెట్టి చాలాసేపు వెతికింది. చిన్న ప్లాస్టిక్ సీసా ఒకటి తీసి దాని పక్కన పెట్టింది. అది నేనెరుగుదును. అత్తయ్య వాళ్ళ చర్చిలో ప్రార్థన చేసి ఇచ్చే నూనె. నుదుటికి రాసుకుంటారు.

"ఇది కూడా వేశానండీ," అంది కరుణ. "బుధవారం బడి నుంచి రాగానే. ఒక్క చుక్క. అమ్మ రెప్పకు రాయమంది, నేనే కంట్లో వేశాను. ఆయనకు చెప్పలేదు. డాక్టరు అడిగితే కూడా లేదన్నాను." నా వైపు తిరిగింది. కళ్ళలోంచి ధారగా కారుతోంది. "నా వల్లేనండీ. తొమ్మిదేళ్ళకు దేవుడిస్తే నా చేత్తో నేనే పాడుచేసుకున్నాను."

నిజం రాయమంది కాబట్టి రాస్తున్నాను. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నాకు ఊరట కలిగింది. నింద మోయడానికి మరొకటి దొరికింది. నూనె. సిస్టరు రాసుకుంటుంది, డాక్టరు తల ఊపుతారు, కరుణను నేను ఓదారుస్తాను, మంచి భర్తననిపించుకుంటాను. జేబులో సీసాను ఆసుపత్రి బయట చెత్తకుండీలో పడేస్తే అయిపోతుంది.

రూతు ఆ గుడ్డ కింద నుంచి చేయి చాపి వాళ్ళమ్మ చెంప తుడుస్తోంది. కళ్ళు మూసుకునే ఉంది, తడిమి తుడుస్తోంది. చెంప అనుకుని ముక్కు తుడిచింది.

నేను జేబులోంచి సీసా తీసి ట్రేలో పెట్టాను. స్టీలు మీద టక్కున చప్పుడైంది.

"ఇది నేను వేశాను," అన్నాను. "సోమవారం నుంచి. రోజుకు రెండుసార్లు. నిన్న పొద్దున కూడా."

కరుణ సీసా వైపు చూసింది. అది ఏమిటో తనకు తెలుసు. పెళ్ళయినప్పటి నుంచి నా పెట్టె తుడిచేది తనే. ఏడుపు ఆగిపోయింది. నన్ను చూడలేదు. పిల్లను ఇంకాస్త దగ్గరికి అదుముకుని లోపలికి నడిచింది.

డాక్టరమ్మ నడివయసు మనిషి, జుట్టులో కాస్త తెలుపు. సీసా మీద అక్షరాలు చదివింది. నేను తిట్లకు తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ తిట్టలేదు. ఎప్పుడెప్పుడు, ఎన్నెన్ని చుక్కలని అడిగి రాసుకుంది.

"ఇందులో స్టెరాయిడ్ ఉంది. ఎరుపును దాచేస్తుంది. ఎరుపంటే ఒళ్ళు జబ్బుతో కొట్లాడుతున్నట్టు లెక్క. ఆ కొట్లాట ఆపేస్తే క్రిమికి అడ్డేముంది? లోపల హాయిగా పెరిగింది," అంది. "మీరు ఇది చెప్పకపోయి ఉంటే, నేను వేరేదనుకుని వేరే మందు మొదలుపెట్టేదాన్ని. రెండు మూడు రోజులు పోయేవి. మనకు అన్ని రోజులు లేవు."

కరుణ నెమ్మదిగా అడిగింది. "నూనె వల్ల..."

"ఒక్క చుక్క నూనె వల్ల ఇది రాదమ్మా. ఇంకెప్పుడూ వెయ్యకండి. కానీ ఇది దాని పని కాదు."

ఆ మాట విన్నాక కరుణ భుజాలు కిందికి దిగాయి. అది చూశాక నాకేమైనా పరవాలేదనిపించింది.

ఎనిమిది రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాం. మొదటిరోజే మత్తు ఇచ్చి, పుండు గీకి పరీక్షకు పంపారు. ఆ తలుపు బయట నిలబడ్డ అరగంట గురించి నేను రాయను. తరువాత పగలూ రాత్రీ గంటకోసారి చుక్కలు. మండే చుక్కలు. మొదటి రెండు రోజులు సిస్టర్లు వేశారు. నేను దగ్గరికి వెళితే చాలు, రూతు రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, "నాన్న వద్దు, నాన్న వద్దు," అనేది. ఏ చేతికి రెప్ప అదరదని గర్వపడ్డానో ఆ చేయి చూసి నా కూతురు వణికింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చినవాడికి అంతకన్నా ఏం దక్కుతుంది?

కరుణ నాతో మాట్లాడలేదు. "టైమయింది," అనేది, అంతే. గంటకోసారి ఆ ఒక్క మాట.

మూడో రోజు నాకొక ఉపాయం తోచింది. సిస్టరునడిగి కాచి చల్లార్చిన మంచినీళ్ళు ఒక డ్రాపరులో పోయించుకున్నాను. రూతు చూస్తుండగా మంచం పక్కన నేలమీద పడుకుని నా కంట్లో ఒక చుక్క వేసుకున్నాను. "అమ్మో! కాకి ముక్కుతో పొడిచింది!" అని కాళ్ళు కొట్టుకున్నాను. బాగున్న కన్ను సగం తెరిచి చూసింది. మళ్ళీ వేసుకున్నాను. మళ్ళీ అరిచాను. పక్క మంచాల పిల్లలు నవ్వారు. నాలుగోసారికి రూతు నవ్వింది. ఆ సాయంత్రం నుంచి నియమం ఖాయమైంది. గంట కాగానే అది వేలు చూపించి, "ముందు నాన్నకు," అనేది. ముందు నాన్నకు నీళ్ళు, నాన్న నేలమీద పొర్లాడటం, తరువాత పాపకు మందు. అలా రోజుకు ఇరవై సార్లకు పైనే పొర్లాను. ఇన్నేళ్ళు నటులకు ముఖాలు దిద్దాను గానీ అంత నటన నేనెప్పుడూ చూడలేదు.

నాలుగో రోజు అత్తయ్య రైలు దిగి వచ్చింది. ఎవరు చెప్పారో, సంగతంతా ఆవిడకు తెలుసు. ఏమంటుందోనని లేచి నిలబడ్డాను. తెచ్చిన భోజనం డబ్బా నా చేతికిచ్చి, "కూర్చోండి బాబూ. నా నూనె మీద పడాల్సిన నింద పడకుండా ఆపారు. అది మీ మీద పడింది. పడాల్సిందే అనుకోండి," అంది. ఆ చివరి ముక్క అనకుండా ఉండలేదు ఆవిడ.

అయిదో రోజు పొద్దున డాక్టరమ్మ, "పుండు ఆగింది. మధ్యకు రాలేదు, కిందనే ఉండిపోయింది," అంది. ఆవిడ వెళ్ళాక మేమిద్దరం కారిడార్లో బెంచీ మీద కూర్చున్నాం. కరుణ ఒళ్ళో ఇడ్లీ పొట్లం. చాలాసేపటికి నోరు తెరిచింది.

"సోమవారం పొద్దున, ప్రార్థన ఫలించిందని నేను గంతులేస్తుంటే, మీరెందుకు మాట్లాడలేదు?"

"నువ్వంత సంతోషంగా ఉంటే..."

"నా సంతోషం కోసమా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "కాదు. నా కోసమే. చెబితే తిడతావని."

"తిట్టేదాన్నే," అంది. "తిట్టి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోయేదాన్ని." "నేనూ దాచాను కదా. మీరు తిడతారని కాదు. నా దేవుడికి మాట వస్తుందని." పొట్లం విప్పి రెండు ఇడ్లీలు నా వైపు జరిపింది. పచ్చడి మాత్రం తన వైపే ఉంచుకుంది.

ఇంటికొచ్చాక అసలు పరీక్ష మిగిలింది. పుండు మానినచోట మచ్చ పడింది. దానివల్ల ఆ కన్ను బద్ధకిస్తుందని, చూడటం మరిచిపోతుందని చెప్పారు. అందుకని రోజూ కొన్ని గంటలు మంచి కంటికి పట్టీ అంటించి, ఈ కంటితోనే చూడనివ్వాలి. ఎంత చూస్తుందో చెప్పలేమన్నారు. ఇంకా మాటలు సరిగా రాని పిల్ల, అక్షరాలు చదవదు కదా. పట్టీ వేస్తే మొదట్లో గోడలకు తగిలేది. యాదమ్మ మా గదిలో పీటలు, బిందెలు అన్నీ కిందికి మోయించి, "పొల్ల నడిచే దోవ ఖాళీగుండాలె," అంది. రెండు నెలలు మా సామాను ఆవిడ వాకిట్లోనే ఉంది.

నేను పనికి వెళ్ళిన మొదటిరోజు అమ్మగారు అద్దం ముందు కూర్చుని, "రాత్రి నిద్రలేదు దాసూ, కళ్ళు చూడు. రెండు చుక్కలు వెయ్యి," అన్నారు. పెట్టెలో సీసా లేదని చెప్పాను. ఎందుకు లేదో కూడా చెప్పాను. ఆవిడ కుర్చీలో గిర్రున నా వైపు తిరిగారు. "పదిహేనేళ్ళు నా కళ్ళల్లో అదే కదరా పోశావు!" అన్నారు. మర్నాడే కళ్ళు పరీక్ష చేయించుకున్నారు. బాగానే ఉన్నాయట. యూనిట్లో మిగతా మేకప్‌వాళ్ళకు ఆవిడే చాటింపు వేశారు. ఆ సీసా ఇంకా ఎవరి పెట్టెలోనైనా ఉంటే, ఇది వాళ్ళకోసం కూడా రాస్తున్నాను. మీ ఇంట్లో పిల్లలున్నారు.

మూడో నెలలో చూపు పరీక్షకు రమ్మన్నారు. డాక్టరమ్మ రూతును కరుణ ఒళ్ళో కూర్చోబెట్టి, ఎడమ కంటికి పట్టీ అంటించింది. అంతకుముందు నెలలో ఇలా అంటించగానే పీకేయబోయి ఏడ్చింది. మంచి కన్ను మూస్తే పిల్ల గోల పెట్టిందంటే రెండో కంటికి సరిగా కనబడనట్టే లెక్క అని అప్పుడు చెప్పారు. ఈసారి ఏడవలేదు. అటూ ఇటూ చూసింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

డాక్టరమ్మ ఒక డబ్బా తీసింది. అందులో కేకుల మీద చల్లే చక్కెర పూసలు. అక్షరాలు రాని పిల్లల చూపు వాటితో చూస్తారట. ముందు పెద్దవి అరచేతిలో పెట్టి చూపించింది. రూతు తీసుకుని తినేసింది. తరువాత అంతకన్నా చిన్నవి. అవీ తీసింది. చివరికి గసగసాలంత పూస ఒకటి, తెల్లది, అరచేతి మధ్యలో పెట్టి చేయి చాపింది. నాకే సరిగా కనబడలేదు.

రూతు ముందుకు వంగింది. ఒక చేత్తో డాక్టరమ్మ వేలు పట్టుకుని అరచేతిని దగ్గరికి లాక్కుంది. చూసింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గిల్లినట్టు ఆ పూసను ఎత్తింది. నోట్లో పెట్టుకోబోయి ఆగింది. గది అంతా ఆ కుడి కంటితోనే వెతికి, గోడ దగ్గర నన్ను పట్టుకుంది.

"ముందు నాన్నకు," అంది.

నేను వెళ్ళి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. నోట్లో పెట్టింది. అలవాటు ప్రకారం నేను నేలమీద పడి పొర్లాలి. పొర్లలేకపోయాను. దాని ఒళ్ళో తల పెట్టేశాను.

"కానివ్వండి," అంది కరుణ నా వీపు మీద చేయి వేసి. "పాప చూస్తోంది."